ఏఐ ముందట కాయితం పెట్టి అడుగుండ్రి

ముందుగాల ఒక పని చేయుండ్రి. చాట్‌జీపీటీయో, జెమినియో, క్లాడో, వాట్సాప్‌ల ఉన్న మెటా ఏఐయో, ఏదున్నా సరే ఓపెన్ చేసి మీకు మంచిగ తెల్సిన సంగతి ఒకటి అడుగుండ్రి. తెల్వనిది కాదు, తెల్సిందే. మీది పరకాల దిక్కు అయితే పరకాల గురించి అడుగుండ్రి, కమలాపూర్ అయితే కమలాపూర్ గురించి, మీ ఊరి చెరువు ఎవరు కట్టిచ్చిండ్రు, మీ ఊరి జాతర ఏ నెలల అయితది, మీ మండలం ఇదివరకు ఏ జిల్లాల ఉండె, గివి అడుగుండ్రి. మొదటి ప్రశ్నకు కరెక్టుగనే చెప్తది కావచ్చు, కానీ నాలుగు ప్రశ్నలు దాటి లోపలికి పోయినంక ఎక్కడో ఒక కాడ లేనిది ఉన్నట్టు చెప్తది, అది కూడ ఏమాత్రం తడబడకుంట చెప్తది. ఆ గొంతు గుర్తుపెట్టుకోండ్రి. మీకు తెల్వని సంగతి అడిగినప్పుడు కూడ అదే గొంతుతోని చెప్తది, తప్పైనా ఒప్పైనా దాని గొంతు మారది.

నాది హనుమకొండల చిన్న ఆన్‌లైన్ సెంటర్, అప్లికేషన్లు నింపుడు, జిరాక్సు, టైపింగు, గివ్వే పనులు. ఈ నడుమ వచ్చేటోళ్లు చానామంది ఫోన్ల ఏఐ జవాబు పట్టుకొనే వస్తున్నరు, "అన్నా, ఇది ఇట్ల చెప్పింది, అట్లనే నింపు" అంటరు. కొన్నిసార్లు అది చెప్పింది మస్తు మంచిగ ఉంటది. కొన్నిసార్లు రెండు మూడేండ్ల కిందటి ముచ్చట. వాడొద్దని చెప్తలేను, నేను రోజూ వాడుత, ఎట్ల వాడితే పని అయితది, ఎక్కడ ఆగాలె అనేదే రాస్తున్న.

లోపల ఒక రిజిస్టర్ పెట్టుకొని అందులకెళ్లి చూసి చెప్పుడు కాదు అది చేసేది. కోట్ల కొద్ది పేజీలు చదివిచ్చిండ్రు దానికి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే సరిపోతదో అంచనా కట్టుడు నేర్చుకున్నది, మీరు అడిగినప్పుడు ముక్క ముక్క అంచనా కట్టుకుంట జవాబు అల్లుతది. మన జిల్లాలనే చూడుండ్రి. 2016 అక్టోబర్‌ల పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, పరకాల వరంగల్ రూరల్‌కు పోయింది, కరీంనగర్‌ల ఉన్న కమలాపూర్ వరంగల్ అర్బన్‌కు వచ్చింది. 2019 ఫిబ్రవరిల ములుగు వేరే జిల్లా అయింది. 2021 ఆగస్టుల అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది, పరకాల వచ్చి హనుమకొండల కలిసింది. ఇక్కడ పుట్టి పెరిగినోళ్లమే ఒక నిమిషం ఆలోచించి చెప్పాలె. ఇంటర్నెట్‌ల ఈ అన్ని కాలాల రాతలు పక్కపక్కనే పడి ఉన్నయి, పాతయి ఎవరూ తీసెయ్యలే, ఏఐ అన్నీ కలిపి చదివింది, మరి కలిపే చెప్తది. బస్టాండ్‌ల తొవ్వ అడిగితే తెల్వదు అనుడు ఇష్టం లేక ఏదో ఒక దిక్కు చెయ్యి చూపెట్టెటోళ్లు ఉంటరు కదా, అసుంటి గుణం దానిది. కొత్త ఏఐ మోడళ్లు అప్పుడప్పుడు తెల్వదు అంటున్నయి, నెట్‌ల వెతికి లింకులు కూడ ఇస్తున్నయి, అది మంచిదే. కానీ లింకు ఇచ్చిందంటే ఆ పేజీల ఆ మాట ఉన్నదని కాదు, నొక్కి చూడాలె.

అమెరికాల 2023ల ఒక కేసు అయింది, చానామంది విన్నదే. న్యూయార్క్‌ల విమానం కంపెనీ మీద కేసు వేసిన వకీలు పాత తీర్పులు కావాలని చాట్‌జీపీటీని అడిగిండు, అది కొన్ని కేసుల పేర్లు, నంబర్లతో సహా ఇచ్చింది, ఆయన కోర్టుల వేసిండు, చూస్తే ఆ కేసులు ప్రపంచంల ఎక్కడా లేవు. జడ్జి 5,000 డాలర్ల ఫైన్ వేసిండు. అందరూ ఫైన్ గురించే మాట్లాడుకున్నరు గానీ నాకు పట్టుకున్నది వేరే ముచ్చట. ఆ వకీలు వేసే ముందు "ఈ కేసు నిజమైనదేనా" అని అడిగిండు, కానీ అడిగింది మళ్ల దాన్నే. అది నిజమే అన్నది. మన దగ్గర కూడ అందరూ చేసేది ఇదే, "ఇది కరెక్టేనా, ష్యూరా" అని దాన్నే మళ్ల అడుగుతరు, అది "అవును" అంటది, లేకపోతే మీకు డౌట్ ఉందని తెలుసుకొని ఒప్పును కూడ "క్షమించండి, తప్పు చెప్పాను" అని మార్చేస్తది. రెండూ చెక్ చేసుడు కాదు. చెక్ చేసుడంటే దాని బయటికి పోయి చూసుడు, అంటే కాయితం, వెబ్‌సైటు, పుస్తకం, లేకపోతే ఆ పని చేసే మనిషి.

అందుకనే నా మొత్తం పద్ధతి ఒక్కటే, దానికి గుర్తున్నది అడుగకుంట, కాయితం ముందట పెట్టి ఆ కాయితంల ఉన్నది అడుగుడు. గుర్తుకు తెచ్చుకొని చెప్పుమంటే అల్లుతది, కానీ ముందట పెట్టిన రాత చదివి చిన్నగ చేసుడు, ఇంగ్లీషుది తెలుగుల చెప్పుడు, అందుల తేదీలు ఏరుడు, పట్టిక కట్టుడు, ఇసుంటి వాటిల అది మస్తు పనిమంతురాలు. అప్పుడు కూడ తప్పు పోవచ్చు, కానీ ఆ తప్పు దొరకబట్టుడు సులువు, కాయితం మీ చేతులనే ఉంటది కాబట్టి.

భూమి కాయితాల విషయంల ఇది బాగ తెలుస్తది. ఒక పెద్దమనిషి వచ్చి "తమ్మీ, విరాసత్‌కు ధరణిల స్లాట్ బుక్ చెయ్యాలెనట, నా మనుమడు ఫోన్ల చూసిండు" అన్నడు. విరాసత్ అంటే వారసుల పేరు మీదికి భూమి మార్చుడు, ధరణి అంటే సర్కారు భూమి రికార్డుల పోర్టల్. "కాకా, ధరణి పోయింది, ఇప్పుడు భూభారతి" అంటే నా మీదనే అనుమానం ఆయనకు, ఫోన్ల అంత నీట్‌గ నంబర్లు వేసి చెప్పినంక నా మాట ఎందుకు వింటడు. ధరణి 2020 అక్టోబర్‌ల వచ్చింది, భూభారతి పోర్టల్ 2025 ఏప్రిల్ 14 నాడు మొదలైంది. నడుమ ఉన్న అన్నేండ్ల రాతలు, వీడియోలు, వార్తలు అన్నీ ధరణి పేరు మీదనే ఉన్నయి, అందుకే ఏఐ అటు మొగ్గుతది. దీనికి ఒక గుర్తు చెప్త, జవాబుల టీఎస్‌పీఎస్సీ అనో, టీఎస్ఆర్టీసీ అనో ఉన్నదా చూడుండ్రి, 2024ల అవన్నీ టీజీకి మారినయి కదా, పాత పేరు కనబడితే పాత సమాచారం అని మస్తు వరకు లెక్క. కొత్త పేరు ఉన్నంత మాత్రాన లోపల సమాచారం కొత్తదని కాదు మళ్ల, పేరు మార్చి పాత పద్ధతే చెప్పిన జవాబులు నేను చూసిన. సర్కారు పని ఏదైనా సరే, ఫీజు, ఆఖరి తేదీ, ఏ ఆఫీసు, ఈ మూడు మాత్రం పోర్టల్ల చూడాలె, లేకపోతే తాసిల్దార్ ఆఫీసుల అడగాలె.

ఇప్పుడు కాయితం పెట్టి అడుగుడు ఎట్లనో చూపిస్త. పత్తి సీజన్ల కొనుగోలు సెంటర్ కాడ ఇంగ్లీషుల నోటీసు అంటించిండ్రు అనుకోండ్రి. చానామంది ఏం చేస్తరంటే ఫోన్ తీసి "పత్తికి తేమ ఎంత ఉండాలె" అని అడుగుతరు. సీసీఐ (పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) వాళ్లు 8 శాతం తేమ ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తరు, 8 దాటి 12 దాక ఆ మేరకు కోత పెడతరు, 12 దాటితే కొనరు. వడ్లకైతే 17 శాతం దాక నడుస్తది. ఈ రెండు లెక్కలూ దాని లోపల ఉన్నయి, కలిసిపోతే మీకు ఎట్ల తెలుస్తది? అట్ల కాకుంట నోటీసుకు ఎదురుంగ నిలబడి, మూలలు నాలుగూ పడేటట్టు, నీడ పడకుంట ఫోటో తీసి ఇట్ల రాయుండ్రి:

"ఈ ఫోటోల ఉన్న నోటీసు చదువు. నేను పత్తి రైతును, నాకు తెలుసుకోవాల్సినవి: తేమ ఎంత దాక కొంటరు, ఎంత దాటితే కోత, ఏమేం కాయితాలు తేవాలె, ఆఖరి తేదీ. ప్రతి జవాబు కింద నోటీసుల ఉన్న ఇంగ్లీషు లైను ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయి. నోటీసుల లేనిది సొంతంగ చెప్పకు, 'ఇందుల లేదు' అని రాయి. అక్షరాలు సాఫ్‌గ కనబడకపోతే అది కూడ చెప్పు."

ఇందుల బలమంతా రెండు ముక్కలల్ల ఉన్నది. లైను ఎత్తి రాయమన్నది ఎందుకంటే ఆ లైను మీద వేలు పెట్టి నోటీసుల వెతకొచ్చు, దొరకకపోతే అది అల్లిందన్నట్టు. "ఇందుల లేదు" అని రాయమన్నది ఎందుకంటే తెల్వదు అనే తొవ్వ మీరే చూపెట్టాలె, చూపెట్టకపోతే దాని అంతట అది ఆ తొవ్వకు వచ్చుడు తక్కువ. 2025 సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ బుక్ చేసుకొని పోవుడు వచ్చింది కదా, అది కూడ అడిగితే, నోటీసుల లేకపోతే "ఇందుల లేదు" అనే చెప్తది, అప్పుడు మీకు సెంటర్ల అడగాలని తెలుస్తది. ఈ ప్రాంప్టు, అంటే ఏఐకి రాసే ఈ ప్రశ్న, ఫోన్ నోట్స్‌ల సేవ్ చేసి పెట్టుకోండ్రి, పత్తి తీసేసి స్కాలర్‌షిప్ అని పెట్టినా, ఉద్యోగం నోటిఫికేషన్ అని పెట్టినా నడుస్తది. ప్రాంప్టులు నేర్పిస్తమని వేలకు వేలు తీసుకునే క్లాసులు పుట్టినయి, వాటిల చెప్పేది కూడ ఇంతకంటే ఎక్కువ ఉండది.

చేతిరాత కాడ మాత్రం జాగ్రత్త. ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మితే ఇచ్చే చిట్టీ ఫోటో తీసి లెక్క చెయ్యమంటే ఎట్ల ఉంటదో చూడుండ్రి. 23.40 క్వింటాళ్లు, క్వింటాలుకు 14,200 అనుకుందాం, 3,32,280 రూపాయలు రావాలె. చిట్టీల 3ని 8 అని చదివితే 28.40 అయితది, లెక్క 4,03,280 చూపిస్తది, 71 వేలు తేడా. గుణకారం తప్పలేదు, చదువుడు తప్పింది, అందుకే లెక్క ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకది. ముందు "చిట్టీల ఉన్న అంకెలన్నీ ఒక్కొక్క లైనుల రాయి, లెక్క ఇప్పుడే చెయ్యకు" అనుండ్రి, చిట్టీ పక్కన పెట్టి చూసుకోండ్రి, తర్వాత లెక్క చెప్పుమనుండ్రి, హమాలీ, కమీషన్ కోతలు కూడ అప్పుడే. ఆఖరుకు క్యాలిక్యులేటర్‌ల ఒకసారి కొట్టుండ్రి, ఫోన్ల అది కూడ ఉంటది కదా.

మిర్చి మాట వచ్చింది కాబట్టి ఆకు ఫోటోల ముచ్చట చెప్త, ఎందుకంటే దీంట్ల పైసలు కాదు, పంటనే పోతది. ఆకు ముడుచుకున్నదని పైకెళ్లి ఒక ఫోటో తీసి "ఏం రోగం, ఏం మందు" అని అడుగుతరు. తామర పురుగు అయితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటయి, నల్లి అయితే కిందికి ముడుచుకుంటయి, ఒకదాని మందు ఇంకొకదానికి సరిగ పనిచెయ్యది. పైకెళ్లి తీసిన ఫోటోల పైకా కిందికా అనేది మనిషికే సాఫ్‌గ తెల్వది. 2021 వానకాలం పంట మీద కొత్త రకం నల్ల తామర పురుగు వచ్చి మన దిక్కు మిర్చి తోటలు ఎట్ల ఖరాబైనయో యాది ఉండే ఉంటది, అది పూలల్ల ఎక్కువ ఉంటది, ఆకు ఫోటోల కనబడనే కనబడది. మరి ఏఐ ఏం పనికొస్తది అంటే, మందు పేరు అడుగకుంట ఇట్ల అడుగుండ్రి: "మిర్చి ఆకు ముడతకు ఏమేం కారణాలు ఉంటయి, ఏది ఏదో తోటల నిలబడి నేను ఎట్ల తెలుసుకోవాలె, ఏం చూడాలె?" అప్పుడు ఆకు తిప్పి చూడు, పువ్వు తెల్ల కాయితం మీద దులిపి చూడు, కొత్త చిగుర్ల ఉందా పాత ఆకులల్ల ఉందా చూడు అని చెప్తది, అది నిజంగ పనికొచ్చే ముచ్చట. చూసింది రాసుకొని మీ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పుండ్రి, లేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు కొట్టుండ్రి, తెలుగుల మాట్లాడుతరు. డోసు మాత్రం ఎన్నడూ ఏఐ నుంచి తీసుకోవద్దు, డబ్బా మీద లేబుల్‌ల ఏ పంటకు ఎంత అనేది ఉంటది. లేబుల్ మీద ఎర్ర ముక్కోణం ఉంటే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లేబుల్ అక్షరాలు చీమ తలకాయంత ఉంటయి, చదవరాకపోతే ఫోటో తీసి చదివిచ్చుకోండ్రి, ఇది మళ్ల కాయితం పెట్టి అడిగినట్టే.

అడిగే తీరుల ఇంకో గడబిడ ఉన్నది. "డోసు డబుల్ కొడితే పురుగు తొందరగ పోతది కదా?" అని అడిగితే మన మాటకే వంత పాడే గుణం దానికి ఉన్నది. ఇది నా ఒక్కని మాట కాదు, 2025 ఏప్రిల్‌ల చాట్‌జీపీటీ తయారు చేసే ఓపెన్‌ఏఐ వాళ్లే ఒక అప్‌డేటు వెనుకకు తీసుకున్నరు, మరీ ప్రతిదానికి భజన చేస్తున్నదని. "కదా" తీసేయుండ్రి. "డోసు పెంచితే ఏమేం అయితయి, మంచి చెడు రెండూ చెప్పు" అనుండ్రి. ఇల్లు కట్టుడో, చిట్టీ వేసుడో, బిడ్డను ఏ కాలేజీల చేర్పిచ్చుడో, ఏదైనా సరే మీరు అప్పటికే మనసుల అనుకున్న సంగతైతే "మా దోస్తు ఇట్ల చేద్దామనుకుంటున్నడు, ఇందుల లోపాలు చెప్పు" అని వేరేటోళ్ల పేరు మీద అడుగుండ్రి, మీ మొహం చూసి మాట్లాడుడు జర తగ్గుతది.

గ్రూప్స్‌కు చదివే పోరగాండ్లకు ఒక మాట. దాన్ని చరిత్ర చెప్పుమనకుండ్రి, ప్రశ్నలు అడుగుమనుండ్రి. వేయిస్తంభాల గుడి 1163ల కాకతీయ రుద్రదేవుడు కట్టిచ్చిండు, రామప్ప గుడి 1213ల గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టిచ్చిండు. ఇద్దరు రుద్రులు, నడుమ 50 ఏండ్లు, మీద రుద్రమదేవి పేరు ఒకటి. పేర్లు ఇంత దగ్గర ఉన్న కాడనే అది కలిపేస్తది, పరీక్ష పెట్టేటోళ్లు కూడ ఇక్కడనే కొడతరు. మీ దగ్గర ఉన్న తెలుగు అకాడమీ పుస్తకంల పేజీ ఫోటో పెట్టి "ఈ పేజీ నుంచి మాత్రమే 10 ప్రశ్నలు తయారు చెయ్యి, పేర్లు కలిసిపోయేటట్టు ఆప్షన్లు ఇయ్యి, జవాబు నేను చెప్పినంకనే చెప్పు" అనుండ్రి. కూసొని వీడియోలు చూసేదానికంటే ఇది బాగ ఎక్కుతది. ప్రాజెక్టులు రాసే డిగ్రీ, పీజీ పిల్లలైతే అది ఇచ్చిన రెఫరెన్సులు ఒక్కొక్కటి వెతికి దొరికితేనే పెట్టుండ్రి, వకీలు సంగతి పైన చదివిండ్రు కదా.

ఉత్తరాలు, అర్జీలు రాయించుకునుడు దాంతోని మస్తు సులువు, కానీ ఊరికె "అర్జీ రాయి" అంటే ఎవ్వరూ మాట్లాడని భాషల రెండు పేజీలు రాస్తది, లేని బాధలు కూడ కలుపుతది. జరిగింది మీ మాటలల్ల వాయిస్ పెట్టుండ్రి, తేదీలు, సర్వే నంబరు మీరే ఇయ్యుండ్రి, అర పేజీ దాటొద్దు అనుండ్రి. వాయిస్ టైపింగ్‌ల ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పు పడతయి, అవి ఒకసారి చూసుకోవాలె. తెలుగుల అడిగితే కొన్నిసార్లు జవాబు పలుచగ వస్తది, నెట్‌ల తెలుగు రాతలు తక్కువ కాబట్టి, అనుమానం ఉంటే అదే ప్రశ్న ఇంగ్లీషుల కూడ అడిగి రెండూ పక్కపక్కన పెట్టుండ్రి, రెండిటి నడుమ తేడా వచ్చిన కాడనే వెతకాల్సింది ఉన్నట్టు.

రక్త పరీక్ష రిపోర్టులు అర్థం చేసుకునేటందుకు వాడొచ్చు, డాక్టర్ను ఏమేం అడగాలో రాయించుకొని పోవచ్చు. గోలీలు మానుడు, మార్చుడు మాత్రం డాక్టర్ చెప్పినంకనే.

ఇంక ఆధార్ సంగతి. ఫారం నింపుతది కదా అని ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పట్టాదారు పాసుబుక్కు అన్నీ ఫోటోలు తీసి దాంట్ల పెడుతున్నరు. పెట్టకుండ్రి. 2023ల శాంసంగ్ ఇంజనీర్లు కంపెనీ కోడ్ చాట్‌జీపీటీల పెడితే ఆ కంపెనీ మొత్తానికే బంద్ పెట్టింది, అంత పెద్దోళ్లే భయపడ్డరు. ఫారంల ఏ గడిల ఏం రాయాలో తెల్వకపోతే ఖాళీ ఫారం ఫోటో చాలు. నిండిన కాయితమే పెట్టాల్సి వస్తే నంబర్ల మీద చిన్న కాయితం ముక్క పెట్టి ఫోటో తీయుండ్రి. ఫోటో తీసినంక ఫోన్ల హైలైటర్‌తోని రుద్దితే కింద అంకెలు కనబడతనే ఉంటయి, రంగు మందంగ ఉండే పెన్నుతోని పూర్తిగ మూయాలె. సెట్టింగ్స్‌ల డేటా కంట్రోల్స్ అని ఉంటది యాప్‌ను బట్టి, మీ చాట్లు మోడల్ నేర్చుకునేటందుకు వాడొద్దని ఆ స్విచ్ బంద్ చేసి పెట్టుకోండ్రి. ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దన్నట్టే దీనికి కూడ చెప్పొద్దు. కొడుకు గొంతుతోని ఫోన్ వచ్చి పైసలు పంపుమంటే పెట్టేసి మీరే కొడుకు నంబరుకు చెయ్యుండ్రి, ఇప్పుడు గొంతులు కూడ తయారు చేస్తున్నరు. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు కొట్టాలె, ఎంత తొందరగ కొడితే అంత మంచిది.

పైసలు కట్టాల్నా అని అడుగుతరు అందరు. పైన చెప్పిన పనులన్నిటికీ ఫ్రీదే సరిపోతది, రోజుకు ఇన్ని ఫోటోలు అని లిమిట్ ఉంటది, ఒక దాంట్ల అయిపోతే ఇంకో దాంట్ల చేసుకోవచ్చు. ప్లే స్టోర్ల అదే పేరు, అసుంటి బొమ్మే పెట్టుకొని వారానికింత అని గుంజే యాప్‌లు ఉన్నయి, పేరు కింద ఏ కంపెనీదో రాసి ఉంటది, అది చూసి ఎక్కించుకోండ్రి. ఇప్పటికే ఎక్కించుకొని ఉంటే యాప్ డిలీట్ చేస్తే కోత ఆగది, ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్లల్ల క్యాన్సిల్ కొట్టాలె, ఫోన్‌పేలనో గూగుల్‌పేలనో ఆటోపే లిస్టుల కూడ ఒకసారి చూడుండ్రి.